అత్త మాట పూర్తయ్యేదాకా

నా నోరు ఎలాటిదో మా పేటలో ఎవుర్నడిగినా సెప్తారు. నాను సేపలమ్ముకునే మనిసిని. గంప నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం ఈదుల్లో ఇరవై ఏళ్ళు తిరిగాను. "ఈ సేప..." అని ఎవుడైనా మొదలెట్టాడంటే, "నిన్నటిది కాదు బాబూ, పొద్దుటిదే, మొప్పలెత్తి సూడు" అని నానే అందుకోవాల. ఆడి మాట ఆడే పూర్తి సేసాడంటే ఇంక బేరం పోనాదన్నమాటే. అది నా ఇద్దె. ఆ ఇద్దెని గంపతో పాటు గుమ్మం బయటే దించీసి ఉంటే బాగుండును. ఇంట్లోకి తెచ్చుకున్నాను, అదీ నాను సేసిన ఎదవ పని.

మా ఆయన అప్పలసూరి నాకు పూర్తిగా ఎదురు. ఒక మాటకీ ఇంకో మాటకీ మద్దిన బీడీ ఎలిగించుకునే రకం. ఆయన "అది కాదే..." అనేసరికి నాను నాలుగు మాటలు సెప్పీసి, ఆయన సెప్పాల్సింది కూడా నానే సెప్పీసి, దానికి జవాబు కూడా ఇచ్చీసి పనిలో పడిపోతాను. పదిట్లో తొమ్మిది సార్లు నాను సెప్పిందే అవుతాది. ఆ తొమ్మిది సూసుకునే నాకు పొగరు. పదోది ఏటవుతాదో అప్పటికి నాకు తెలీదు.

ఇంక మా అత్త గున్నమ్మ. రెండేళ్ళ కిందట పచ్చవాతం వచ్చి కుడి సెయ్యి, మూతి పోనాయి. బుద్ది మాత్రం సుబ్బరంగా ఉన్నాది. మాటే కష్టం. ఒక మాట వస్తాది, ఆగిపోతాది, గొంతులో ఏదో కదులుతాది, అప్పుడు ఇంకో మాట. ఆస్పత్రిలో డాక్టరమ్మ నాతో అంది, "సూడమ్మా, ఆవిడ మాట్లాడేటప్పుడు మీరు మాట అందించకండి, ఎంత సేపైనా ఆవిడనే..." అనేలోపే, "ఆఁ ఆఁ, ఆవిడనే పడుకోబెట్టాల, మందులు ఏళకి ఎయ్యాల, తెలుసమ్మా" అనీసి వచ్చీసాను. నవ్వకండి. ఆ డాక్టరమ్మ మొకం ఇప్పుడు తలుసుకుంటే నాకు ఏడుపొస్తాది.

ఆ దినం అక్టోబరు నెల. తెల్లారి ఐదున్నర అయ్యుంటాది. కొళాయి కాడ నా బిందెని ఎవురో వరసలోంచి తోసీసారు. నాను గుమ్మంలోంచే గొంతెత్తి మొదలెట్టాను. అప్పుడు మా ఆయన కేరేజీ పట్టుకుని నా ఎనకాల నిలబడి, "ఒసే, ఇయ్యాల..." అన్నాడు.

"తెలుసు, ఉత్తరం పారకి. వారం నుంచి అందరూ అటే కదా పోతన్నారు, వలల్నిండా కానాగంతలు పడతన్నాయని. ఎల్లు, బేగి వచ్చీ, మబ్బేస్తంది" అన్నాను. ఆయన కేసి సూడనైనా సూడనేదు. పారంటే సముద్రం అడుగున రాళ్ళ గుట్ట, సేపలన్నీ దాని మీదే మూగుతాయి.

"అది కాదే. ఇంజిను..."

"ఇంజిన్లో ఆయిలు పోసానని రాత్రే సెప్పావు కదా! ఒకే మాట ఎన్నిసార్లు సెప్తావు? ఓలమ్మా, అదిగో, మళ్ళీ తోసీసింది సూడు నా బిందెని!" అనుకుంటా నాను ఈదిలోకి లగెత్తాను.

ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. తరవాత లోపలికెళ్ళి అత్త మంచం పక్కన కూకుని ఏదో సెప్పాడు. గొంతు ఇనిపించింది గాని మాటలు ఇనిపించనేదు. ఇనిపించనేదంటే అబద్దం. ఇననేదు. నా ద్యాసంతా బిందె మీదే.

మా కాడ ఒక కట్టుబాటు ఉన్నాది. సముద్రం మీదకి ఎల్లే మనిసిని "ఎక్కడికి" అని అడక్కూడదు. గుమ్మం దాటాక ఎనక నుంచి పిలవకూడదు. పిలిస్తే గంగమ్మతల్లికి కోపమొస్తాదంటారు. అందుకే ఏ వేపు ఎల్తన్నాడో, ఎన్నింటికొస్తాడో ఎల్లేముందు మగోడే గుమ్మంలో నిలబడి సెప్తాడు. ఒక్కసారే సెప్తాడు. ఇంట్లోది ఇని మనసులో పెట్టుకోవాల. మా అమ్మా అలగే పెట్టుకుంది, మా అత్తా అలగే పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ పాటు మా మావ ఎక్కడికెళ్ళాడో పేటలో అందరికంటే ముందు మా అత్తకే తెలిసేది.

బిందె నింపుకుని వస్తా ఇసక మీద ఆయన్ని సూసాను. పక్కన లక్ష్ముడు ఉన్నాడు. మా ఆయన పినతండ్రి కొడుకు, ఇద్దరూ ఒకే బోటు మీద ఎల్తారు. సూస్తే ఆయన బుజం మీద వల నేదు. పెద్ద గేలాల తాడు సుట్ట ఉన్నాది. కానాగంతలకి గేలాల తాడెందుకు? "మావా!" అని అరుద్దామని నోరు తెరిసి, ఎనక నుంచి పిలవకూడదని మూసీసుకున్నాను. మూసుకోవాల్సిన కాడ తెరిసాను, తెరవాల్సిన కాడ మూసాను. బోటు అలలు దాటి ఎలిపోనాది.

తొమ్మిదింటికి అందరి ఫోన్లకీ మెసేజీ వచ్చింది. ఎల్లుండి వస్తాదన్న వాయుగుండం ఆ రాత్రికే ఒడ్డు దాటతాదంట. సముద్రం మీదున్నోళ్ళందరూ ఎనక్కి వచ్చీమన్నారు. మబ్బు సూసి మిగతా బోట్లన్నీ దగ్గిర్లోనే వలేసాయి, పదకొండుకల్లా ఒక్కొక్కటీ వచ్చీసాయి. బోటు ఒడ్డెక్కినప్పుడల్లా నాను మొకాలు సూసుకుంటన్నాను. మా బోటు రానేదు.

లక్ష్ముడి పెళ్ళాం ఈశ్వరి నా పక్కనే నిలబడింది. దానికి పెళ్ళయ్యి ఇంకా ఏడాది కానేదు. "అక్కా, ఏ వేపెళ్ళారు? మా ఆయన నాతో ఏటీ సెప్పనేదు, వదినకి అన్న సెప్తాడులే అన్నాడు" అంది.

నాను దాని మొకం సూడకుండా సముద్రం కేసి తిరిగాను.

ధనరాజ్ బావ వచ్చాడు. పేటలో పెద్ద బోటు ఆయనదే, మా ఆయనకి అన్న వరస. "సిన్నతల్లీ, మెరైను పోలీసులకి ఫోను సేసాను. ఏ దిక్కని అడుగుతన్నారు. సముద్రం అంతా ఎతకలేరు కదా. ఆడి ఫోను కలవట్నేదు. నీతో ఏటి సెప్పి ఎల్లాడు?" అన్నాడు.

సుట్టూ ముప్పై మంది. అందరూ నా నోటికేసే సూస్తన్నారు. నాకు తెలీదని సెప్పొచ్చును. నా పెనిమిటి గుమ్మంలో నిలబడి సెప్తంటే నాను ఇననేదని సెప్పొచ్చును. ఎలా సెప్పను? ఇరవై ఏళ్ళ కాపరం, పేటంతా నోరుగల్ల మనిసినని పేరు. "ఉత్తరం పారకి" అన్నాను. ఆ గేలాల తాడు కళ్ళ ముందు కనిపిస్తానే ఉంది. అయినా అనీసాను.

అని ఊరుకున్నానా? మనసు ఊరుకోనేదు. ఇంట్లోకి పరిగెత్తాను. ధనరాజ్ బావ గుమ్మం దాకా వచ్చాడు. అత్త మంచం మీద ఒకేపుకి తిరిగి ఉంది. నన్ను సూడగానే ఎడం సెయ్యి పైకెత్తింది.

"ఆడు..." అంది. "ఆడు... మీ..."

"అత్తా, ఆయన ఉత్తరం పారకే కదా ఎల్లాడు? పొద్దున్న నీతో అదే కదా సెప్పాడు?"

అత్త నా కేసి సూసింది. మూతి కదిలింది. "మీ..." అంది మళ్ళీ.

"ఉత్తరం పారకే కదా? అవునా కాదా?"

సెయ్యి కిందకి దించీసింది. "ఊ" అంది.

"అదిగో బావా, అత్త కూడా సెప్పింది" అన్నాను. నా పేనం లేసొచ్చింది. రెండు బోట్లు కట్టుకుని ఎనిమిది మంది ఉత్తరానికి ఎళ్ళారు. అప్పటికి పన్నెండు. నాను గంగమ్మ గుడి కేసి తిరిగి దండం పెట్టుకున్నాను.

గాలి మొదలయ్యింది. ముందు ఇసక లేసింది, తరవాత ఒడ్డునున్న వలల మీది పట్టాలు లేసాయి. సముద్రం రంగు మారిపోయి మట్టినీళ్ళలాగ అయిపోనాది. మూడింటికి పది నిమసాలుందనగా రెండు బోట్లూ తిరిగొచ్చాయి. దూరం నుంచే లెక్కెట్టాను. ఎనిమిది మందే. మళ్ళీ లెక్కెట్టాను. ఎనిమిది మందే.

ధనరాజ్ బావ నీళ్ళోడతా వచ్చాడు. "ఉత్తరం పారంతా సుట్టి వచ్చాం. బోటు నేదు, తెడ్డు నేదు, డబ్బా కూడా నేదు. ఆడు అక్కడికి ఎల్లనేదు సిన్నతల్లీ" అన్నాడు. ఆయన గొంతులో కోపం నేదు. కోపమొస్తే బాగుండును. "ఇంకొక్కసారి ఎల్లగలం. మూడుంపావుకి బయల్దేరితే సీకటి పడేలోపు రావచ్చు. ఆ తరవాత ఏ బోటూ అల దాటదు, ఎవుర్నీ నాను పంపను. ఎటెళ్ళాలో నిజం సెప్పు."

ఈశ్వరి కూలబడిపోనాది. దచ్చినానికా, తిన్నగా లోతుకా? ఒక్కసారే ఎల్లగలరు. ఈసారీ నాను తప్పు సెప్తే మా ఆయన, ఆ పాతికేళ్ళ లక్ష్ముడు ఇద్దరూ పోతారు. నాను సంపీసినట్టే. అదొక్కటే బుర్రలో తిరుగుతంది, నాను సంపీసినట్టే, నాను సంపీసినట్టే.

ఏం సెయ్యాలో తెలీక ఇంట్లోకి ఎళ్ళాను. పన్నెండింటికి ఈశ్వరి అత్తకి టీ పెట్టి మంచం పక్కన స్టూలు మీద పెట్టిందంట. ఏదో ఒకటి అనాల కదా, నోటి అలవాటు, "అత్తా, టీ తాగీసావా?" అన్నాను.

"ఊ" అంది అత్త.

స్టూలు కేసి సూసాను. గ్లాసు నిండుగా ఉంది. పైన మీగడ కట్టీసి, అందులో ఒక ఈగ పడి ఉంది. అత్తకి కుడి సెయ్యి రాదు, స్టూలు కుడిపక్కనుంది. పొద్దుట్నుంచి ఆ మనిసి గొంతులో సుక్క పడనేదు.

నా పైపేనాలు పైనే పోనాయి.

తాగనేదు. తాగనేదు గాని "ఊ" అంది. "నొప్పేటీ నేదు కదా అత్తా?" "ఊ." "పులుసు బాగున్నాది కదా?" "ఊ." "దుప్పటి సాలు కదా?" "ఊ." రెండేళ్ళుగా ఈ ఇంట్లో నాను అడగడం, నానే సెప్పడం, ఆ ముసిల్ది ఊ కొట్టడం. ఊ అనకపోతే నాను ఊరుకోను కదా. ఒక మాట కూడగట్టుకునేసరికి నాను నాలుగు మాటలు మీద పడేస్తాను. ఆఖరికి ఆవిడ అలిసిపోయి, నాను ఏదంటే దానికి ఊ అనడం నేర్సుకుంది. నానే నేర్పాను. పన్నెండింటికి అన్న ఊ కూడా అదే ఊ. దాన్ని నమ్మి రెండు బోట్లని ఉత్తరానికి తోలీసాను.

"ఓలమ్మో" అని గుండె బాదుకున్నాను. తరవాత బాదుకోడం ఆపీసాను. దానికి కూడా టైము నేదు.

గుమ్మంలో ధనరాజ్ బావ, ఎనక జనం. ఒకడు "పెద్దమ్మా, దచ్చినానికి ఎల్లాడా?" అని అరిసాడు. ఇంకోడు "మొగ కాడికా?" అన్నాడు. మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అత్త ఆడి కేసి సూసి నోరు తెరవబోయింది. ఊ అనీడానికే.

"ఎవుడైనా మాటాడితే నాలిక కోసీస్తాను!" అని అరిసాను. "ఒక్కడు కిక్కురుమనకూడదు. బావా, నువ్వూ అంతే."

అందరూ నోళ్ళు మూసారు. నాను మంచం పక్కన కింద కూకుని అత్త ఎడం సెయ్యి పట్టుకున్నాను. "అత్తా, ఊ అనకు. నీకు దండం పెడతాను, నాకోసం ఊ అనకు. పొద్దున్న నీ కొడుకు నీతో ఏటి సెప్పాడో సెప్పు. నాను నోరెత్తను" అన్నాను. అనీసి సీర కొంగు సుట్ట సుట్టి నోట్లో కుక్కీసుకున్నాను. నా మీద నాకు నమ్మకం నేదు మరి.

అత్త నన్ను సూసింది. "మీ..." అంది.

ఆగిపోనాది.

ఎందుకాగిందో నాకు తెలుసు. నాను అందుకుంటానని ఆగింది. రెండేళ్ళ అలవాటు. నాను అందుకోనేదు. గోడ మీద గడియారం టిక్కు టిక్కుమంటంది. పైన రేకు గాలికి ఎగిరెగిరి పడతంది. ఒక్కో టిక్కుకీ సముద్రంలో అల ఒక అడుగు పెరుగుతన్నట్టే ఉంది. సెప్పు అత్తా, బేగి సెప్పు అని అరవాలని గొంతు దాకా వస్తంది. గుడ్డ కొరుకుతన్నాను.

"మీ... మావ..." అంది అత్త.

మా మావ పోయి ఆరేళ్ళయినాది. వేరే దినమైతే, "మావ ఊసు ఇప్పుడెందుకత్తా, పడుకో" అనీసుందును. అనీసుందును, ఒట్టు. ఎనకాల ఎవుడో "ముసిల్దానికి మతి..." అని గొణిగాడు. ధనరాజ్ బావ ఆడి నోరు సేత్తో మూసీసాడు.

"మీ మావ... గేలం... ఏసే..."

గేలాల తాడు! కదలకుండా కూకున్నాను. కళ్ళంట నీళ్ళు కారిపోతన్నాయి, తుడుసుకోడానికి కూడా సెయ్యి తియ్యనేదు.

"బండలు" అంది. "జంట... బండలు."

ధనరాజ్ బావ ఊపిరి గట్టిగా పీల్సాడు. ఆయనకా పేరు తెలుసు గాని చోటు తెలీదని మొకం సూస్తేనే తెలిసింది. జంటబండలంటే దచ్చినం వేపు లోతులో ఎక్కడో ఉన్నాయని, పెద్ద పెద్ద కోనాం సేపలు పడతాయని నానూ ఇన్నాను. మా మావ తరం పోనాక అక్కడికి ఎవుడూ ఎల్లనేదు. దచ్చినమంటే సరిపోదు. సముద్రం మీద అడ్డరోడ్డుంటాదా, మైలురాయుంటాదా? ఒడ్డునున్న ఆనవాళ్ళు ఒకదానెనక ఒకటి కలిస్తేనే చోటు తెలుస్తాది. అది అత్త నోట్లోంచే రావాల.

మళ్ళీ ఆగింది. సొంగ కారింది. కొంగు నోట్లోంచి తీసి ఆ కొంగుతోనే తుడిసి, మళ్ళీ కుక్కుకున్నాను. అత్త కళ్ళు మూసుకుంది. అలిసిపోనాదా? నిద్దరోనాదా? ఓలమ్మ, సచ్చిపోనాదా? గడియారం ముల్లు మూడుంపావు దాటీసింది. జనంలో ఈశ్వరి ఎక్కిళ్ళు ఇనిపిస్తన్నాయి. ఇప్పుడు నాను ఒక్క మాట అన్నానంటే ఆవిడ ఊ అనీస్తాది, అంతే, అన్నీ అయిపోతాయి. నా జనమలో అంత బయం ఎప్పుడూ నేదు. పురిటి నెప్పులప్పుడు నేదు, తుపానుకి ఇల్లెగిరిపోయినప్పుడు నేదు.

కళ్ళు మూసుకునే మాటాడింది అత్త. అప్పుడు తెలిసింది, ఆవిడ చోటుని సూసుకుంటందని. "లైటౌసు... కొండ... నడుం కింద... నిలబడాల." ఊపిరి. "మొగ... తెరుసుకుని... ఏట్లో... వంతెన... కనిపించాల." ఇంకో ఊపిరి. "అదే."

ధనరాజ్ బావ ఎనక్కి తిరగబోయాడు. అత్త సెయ్యి నా సేతిలో బిగిసింది. ఇంకా ఉంది! నాను సెయ్యెత్తి ఆయన్ని ఆపాను. ఆయన గుమ్మంలో ఒక కాలు బయట ఒక కాలు లోపల పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఇంజిను... దగ్గుతంది... అన్నాడు. మజ్జానం... రాపోతే... ధనరాజ్‌ని... పంపమన్నాడు. లంగరు... ఏసుకుని... అక్కడే... ఉంటానన్నాడు."

అయిపోనాది. అయిపోనాదని నాకెలా తెలిసిందంటే, అత్త తలగడ మీదకి తల వాల్చి నోరు మూసుకుంది. మొత్తం పావుగంట పట్టింది. ఆ మాటే పొద్దున్న మా ఆయన నాకు సెప్పబోయింది. ఆయన నోట్లోంచి వస్తే అరనిమసం.

బోట్లు ఎలిపోనాయి. రెండూ ముక్కులు పైకెత్తుకుని అలల్లో పడతా లేస్తా, కాసేపటికి వానలో కనిపించకుండా పోనాయి. నాను ముందు అత్తకి ఏడి గంజి సెంచాతో తాగించాను. తరవాత ఒడ్డుకెళ్ళి ఈశ్వరి పక్కన కూకున్నాను. అది "వస్తారా అక్కా?" అని అడిగింది. వస్తారని అనీడానికి నోరు తెరిసాను. నాకేటి తెలుసు? "తెలీదే" అన్నాను. అది నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడిసింది. ఏడుస్తా ఏటేటో సెప్పింది, పెళ్ళి గురించి, నాలుగు నెలలుగా ఎవురికీ సెప్పుకోని కడుపు గురించి. వాన మీద పడతంటే ఇన్నాను. మద్దిన ఒక్కసారి కూడా అడ్డం ఎల్లనేదు.

ఐదున్నర అయ్యింది. సీకటి దిగిపోతంది. పేటోళ్ళు తుపాను షెల్టరుకి ఎల్లిపోతా మమ్మల్ని రమ్మన్నారు. ఎల్లనేదు. ఆరవుతందనగా ఈశ్వరి లేసి నిలబడింది. నాకు ముందు ఇంజిను సప్పుడు ఇనిపించింది, తరవాత లైటు. ఒకటి. రెండు. రెండో దాని ఎనకాల తాడు కట్టుకుని మూడోది.

ఆ మూడో బోటులో ఎంతమందున్నారో సూడ్డానికి నాకు దైర్యం సాలనేదు. కళ్ళు మూసీసుకున్నాను. ఈశ్వరి కేక ఇని తెరిసాను. అది నడుం లోతు నీళ్ళలో ఉంది. లక్ష్ముడు దాని మెడ పట్టుకుని సిన్నపిల్లడి లాగ ఏడుస్తన్నాడు. మా ఆయన్ని ఇద్దరు బుజాలు పట్టి దించారు. పెదాలు పగిలిపోనాయి, అరసేతులు తాడు కోసుకుని నెత్తురు. మనిసి మాత్రం ఉన్నాడు.

"ఎనిమిదింటికే ఇంజిను ఆగిపోనాది వదినా" అన్నాడు లక్ష్ముడు వణుకుతా. "లంగరు ఒక బండకి పట్టుకుంది కాబట్టి సరిపోనాది. మజ్జానం దాకా నాను బాగానే ఉన్నాను. మజ్జానం అయినా ఎవురూ రాకపోయేసరికి... ఇంకొక గంటైతే తాడు తెగిపోవును."

మజ్జానం. పన్నెండు. ఆ ఏళకి బోట్లు బయల్దేరాయి, నాను వాటిని ఉత్తరానికి పంపాను. ధనరాజ్ బావ నా కేసి సూసి బోటు లాక్కుంటా ఎలిపోయాడు.

అత్తని నలుగురు మంచంతో పాటే షెల్టరుకి మోసుకొచ్చారు. అక్కడ గోడకి ఆనుకుని మా ఆయన కూకున్నాడు. గ్లాసుతో నీళ్ళిచ్చాను. సేతులకి పసుపు రాసి గుడ్డ కట్టాను. దాయాలనిపించింది, నిజం సెప్తన్నాను. ఆయనకి తెలీదు కదా, అత్త నా మీద సెప్పదు కదా అనుకున్నాను. దాయలేకపోయాను.

"మావా, పొద్దున్న నువ్వు సెప్తంటే నాను ఇననేదు. బోట్లని ముందు ఉత్తరానికి పంపీసాను. నువ్వు సచ్చిపోతే నాను సంపినట్టే" అన్నాను.

ఆయన ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. నాను సూస్తా కూకున్నాను.

"నువ్వు ఇనవని తెలుసు" అన్నాడు. "అందుకే అమ్మకి సెప్పి ఎల్లాను."

మళ్ళీ గ్లాసెత్తాడు. మరి బయమెయ్యనేదా అని నా నాలిక సివరికి వచ్చింది. పళ్ళ మద్దిన నొక్కి పట్టాను. ఇంకా ఏదో ఉన్నాది ఆయన కాడ, మొకం సూస్తే తెలుస్తంది. బయట గాలి ఊళ వేస్తంది.

"ఇంజిను ఆగినప్పుడు బయమెయ్యనేదు" అన్నాడు సివరికి. "అలలు లేసినప్పుడూ అంత బయమెయ్యనేదు. అమ్మకి చోటు తెలుసు, ఎలగోలాగ సెప్తాది. మరి అమ్మ సెప్తంటే నువ్వు ఇంటావో ఇనవో అని... అదొక్కటే. దినమంతా అదొక్కటే బయమేసింది నాకు."

మంచం మీద అత్త ఎడం సెయ్యి పైకెత్తింది. "సిన్న..." అని ఆగింది. నాను లేసెళ్ళి ఆవిడ పక్కన కూకున్నాను.